మిరుగం రోజు మన పెనం మీద

జూన్ 7నో 8నో మృగశిర కార్తె వస్తుంది. మా ఆసిఫాబాద్‌లో దాన్ని మిరుగం అంటాం. రోహిణి ఎండలు పోయి నేల చల్లబడే పొద్దు అది. ఆ రోజు చేప తినాలని ఊరంతా పట్టింపు. తెల్లారేసరికే బజార్లో రవ్వలూ బొచ్చెలూ కుప్పలు పడతాయి. కొర్రమట్టలు నీళ్ల టబ్బుల్లో ఇంకా కదులుతూనే ఉంటాయి. పదకొండు కొట్టేసరికి ఏ గల్లీలో నడిచినా నూనెలో ముక్క పడ్డ చుర్రుమనే చప్పుడే. కారం, అల్లం, ఎల్లిపాయ కలిసి వేగే ఘాటు ఇంటింటి గడప దాటి వస్తుంది.

నేను చేపలు మానేసి ఆరేళ్లయింది. ఎవరూ మానమనలేదు. ఒక వానాకాలం పొలం పక్క కాలువలో కొర్రమట్ట పిల్లల గుంపు చూశాను. అప్పుడే పుట్టినవి, ఎర్రగా, నీటి మీద ఒక గుడ్డ పరిచినట్టు కదులుతున్నాయి. కొర్రమట్ట తన పిల్లల్ని వదిలిపోదు, వాటి కిందే కాపలా తిరుగుతుంది. గట్టు మీద ఒకతను గాలం వేసి ఆ పెద్ద చేపను పట్టాడు. పిల్లలు మాత్రం అక్కడే, అదే చోట, చాలాసేపు గుండ్రంగా తిరుగుతూ ఉన్నాయి. ఆ రాత్రి నాకు ముద్ద దిగలేదు. తర్వాత మెల్లమెల్లగా మాంసం, గుడ్డు, చివరికి పాలు, పెరుగు కూడా వదిలేశాను. జంతువు నుంచి వచ్చేది ఏదీ తినని ఈ పద్ధతికి 'వీగన్' అన్న పేరు 1944లో ఇంగ్లండ్‌లో డొనాల్డ్ వాట్సన్, ఆయన స్నేహితులు పెట్టారు. నాకు ఆ పేరు తర్వాత తెలిసింది, కాలువ ముందు తెలిసింది.

మానాలన్న నిర్ణయం ఒక్క రాత్రిలో జరిగింది. నాలుకకు ఆ సంగతి చేరడానికి చాలా రోజులు పట్టింది. ఈ అధ్యాయం ఆ రోజుల గురించి.

మొదటి మిరుగానికి నేను కిటికీలు మూసుకుని పప్పన్నం తిన్నాను. మనసు గట్టిగా ఉంటే చాలనుకున్నాను. సాయంత్రం అక్క వాళ్లింటికి వెళ్తే అందరూ తిని లేచారు, పెనం ఇంకా పొయ్యి మీదే ఉంది. దాని అంచున మాడిన మసాలా తునకలు, నాలుగు కరివేపాకులు మిగిలాయి. చెంచాతో గీకి నోట్లో వేసుకున్నాను. అది చేప వేగిన నూనే కదా, తప్పు చేశానని ఆ రాత్రి చాలాసేపు బాధపడ్డాను. కానీ పడుకునే ముందు ఒక సంగతి తట్టింది. ఆ తునకల్లో చేప ముక్క లేదు. అయినా పొద్దున్నుంచి నన్ను పీకుతున్న కోరిక ఆ రెండు చెంచాలతో చల్లారిపోయింది. అంటే పొద్దున్నుంచి నేను అడిగింది చేపనా?

మానేసిన దేన్నయినా మనం ఒక ముద్దగా తలుచుకుంటాం. 'చేప', 'సిగరెట్', 'టీ' అని ఒక్క మాటలో. ఒక్క ముద్దగా ఉన్నంతకాలం అది మనకన్నా బలమైనదే. విడదీసి చూడండి. ఒక నోటు పుస్తకం తీసుకుని, కోరిక పుట్టిన ఘడియలోనే, అది తగ్గాక కాదు, నోటికి మొదట ఏది గుర్తొచ్చిందో రాయండి. రుచా, వాసనా, చప్పుడా, పంటి కింద తెలిసే గట్టిదనమా, పక్కన కూర్చునే మనుషులా? నేను రాసుకున్నవాటిలో మొదటిది కరకరలాడే పైపొర. తర్వాత చింతపండు పట్టిన కారం, ఆ తర్వాత వేలితో నొక్కితే పొరలు పొరలుగా విడే ముక్క. చివరగా ఆ మట్టి వాసన. నాలుగింటిలో మొదటి రెండూ చేపవి కానే కావు, మన వంటింటివి. మూడోదాన్ని చేతులతో తయారు చేయవచ్చు. నాలుగోదే కష్టం, దాని సంగతి తర్వాత చెబుతాను.

మీరు రాసేది నాలాగే ఉండాలని లేదు. మా బావ దీక్ష పట్టి, మాల వేసుకున్న 41 రోజులు మాంసం ముట్టడు. ఆయనకు గుర్తొచ్చేది రుచి కాదు, ఆదివారం మధ్యాహ్నం నలుగురూ కింద కూర్చుని ముళ్లు తీసుకుంటూ మాట్లాడుకునే ఆ గంటసేపు. ఆయనకు నా వంటకం కన్నా ఆ గంట తిరిగి దొరకడం ముఖ్యం. శ్రావణమాసం మానేవాళ్లకు, డాక్టరు చెబితే మానేవాళ్లకు, నాలాగా పూర్తిగా మానేసినవాళ్లకు లోటు ఒక్కటే అయినట్టు కనిపిస్తుంది, కాదు. అందుకే ఎవరో రాసిన వంట తెచ్చి నోట్లో పెట్టుకుని 'ఇది చేపలా లేదు' అని వదిలేసేవాళ్లు అంతమంది.

బదులు వెతుక్కోవడం మనకు కొత్తేమీ కాదు. మిరుగం నాడు చేపలు తిననివాళ్ల ఇళ్లలో ఇంగువ, బెల్లం కలిపి చిన్న ఉండ చేసుకుని మింగుతారు. కాలం మారేటప్పుడు ఒంటికి వేడి చేసేది ఒకటి పడాలన్నది పెద్దల లెక్క. చేప అయితే చేప, కాకపోతే ఇంగువ. హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని వారు అదే రోజు ఉబ్బసం ఉన్నవాళ్లకు బతికున్న కొర్రమట్ట పిల్లతో కలిపి మందు మింగిస్తారు. చేప తిననివాళ్లకు అదే మందు బెల్లంతో ఇస్తారు. ఆ మందు పనిచేస్తుందా లేదా అన్నది వేరే చర్చ. నేను చూసేది ఒక్కటే, ఆ వరుసలో నిలబడినవాణ్ని 'నువ్వు చేప తినవు, వెళ్లిపో' అనలేదు.

ఇక ఆ మట్టి వాసన సంగతి.

నేను మొదట విదేశీ వంటల పద్ధతులు చూసి చేశాను. ప్రతిదాంట్లో సముద్రపు నాచు వేయమని ఉంటుంది. వాళ్లు తినేది సముద్రపు చేప, దాని వాసన నాచులో దొరుకుతుంది. లండన్‌లో అరటిపువ్వును నాచుతో నానబెట్టి పిండిలో ముంచి వేయించి ఆలుగడ్డ ముక్కలతో పెడతారు, వాళ్ల నాలుకకు అది సరిపోతుంది. నేను హైదరాబాద్ నుంచి నాచు తెప్పించి చేశాను. వండినంతసేపూ ఆశగా ఉన్నాను. తింటే మాత్రం ఎవరి ఇంట్లోనో తింటున్నట్టుంది. మా ఊరికి సముద్రం వందల కిలోమీటర్ల దూరం. నేను పుట్టి పెరిగింది పెద్దవాగు చేపలతో, చెరువు చేపలతో, అడ దగ్గర కుమురం భీం ప్రాజెక్టు కట్టాక అందులో పెరిగిన చేపలతో. వాటికి ఉప్పు నీటి వాసన లేదు, బురద వాసన ఉంది.

ఆ బురద వాసనకు ఒక పేరుంది, జియోస్మిన్. 1965లో శాస్త్రవేత్తలు దాన్ని వేరుచేసి పెట్టిన ఆ పేరుకు 'మట్టి వాసన' అనే అర్థం. మట్టిలోని సూక్ష్మజీవులు దాన్ని తయారుచేస్తాయి. చెరువు నీటిలో కలిసి చేప ఒంటికి పడుతుంది. తొలకరి చినుకు పడగానే నల్లరేగడి నుంచి లేచే వాసనలో ఉండేదీ ఇదే. మిరుగం రోజు వానా చేపా ఒకే జ్ఞాపకంగా నా తలలో ఎందుకు ముడిపడ్డాయో ఇది చదివినప్పుడు అర్థమైంది. ఇదే జియోస్మిన్ బీట్‌రూట్‌లోనూ ఉంటుంది. బీట్‌రూట్ మట్టి తిన్నట్టు ఉందని పిల్లలు అంటారు చూడండి, వాళ్ల మాట నిజమే. మా సంత రోజు రెండు గడ్డలు కొంటే నాకు కావలసిన నాలుగో వస్తువు సంచిలోకి వచ్చేసింది. నాచు కోసం అన్ని రోజులు తిరిగాను!

రెండో సాయం అవిసెలు. చేపలోని ఒమేగా-3 కొవ్వు గాలికీ వేడికీ మారినప్పుడు ఒక వాసన వస్తుంది. అవిసెల్లోనూ ఒమేగా-3 రకం కొవ్వే ఎక్కువ. వాటి పొడి వేడి పెనం మీద పడితే ఆ పోలిక తగులుతుంది. పైగా అవిసెల పొడి నీళ్లలో నానితే గుడ్డు సొనలా జిగురు కడుతుంది, పూత ఊడకుండా పట్టుకుంటుంది.

ఇక ముక్క. మా జిల్లాలో పత్తి పక్కనే సోయా వేస్తారు. పండించేది మనం, తినడం మాత్రం మనకు అలవాటు లేదు, గింజలన్నీ నూనె మిల్లుకు పోతాయి. పావు కిలో సోయాతో ఇంట్లోనే పన్నీర్ లాంటి గడ్డ చేసుకోవచ్చు. దాన్నే టోఫు అంటారు. ఒక్క జాగ్రత్త. విత్తనాల సంచిలో మిగిలిన సోయా వాడకండి. విత్తనానికి మందు పట్టించి ఉంటుంది, కడిగితే పోదు. తినడానికి అమ్మే గింజలే కొనండి.

పావు కిలో గింజలు రాత్రి నానబెడితే పొద్దున రెండింతలు దాటి ఉబ్బుతాయి. పొట్టు చేతులతో పిసికి తీసేస్తే మంచిది, తీయకపోయినా నడుస్తుంది. లీటరున్నర నీళ్లు పోస్తూ మెత్తగా రుబ్బి, పలుచని గుడ్డలో వడకట్టి పాలు పిండాలి. పచ్చి సోయా కడుపుకు పడదు, దానిలో మాంసకృత్తులు అరగనివ్వని పదార్థాలుంటాయి. కాబట్టి పాలు పొంగాక మంట తగ్గించి, అడుగంటకుండా కలుపుతూ మరో పది నిమిషాలు మరిగించండి. ఒక్కసారిగా పొంగి పొయ్యి మీద పడుతుంది, పెద్ద గంజు పెట్టుకోండి. దించి మూడు నిమిషాలు ఆగి, రెండు నిమ్మకాయల రసాన్ని అరకప్పు నీళ్లలో కలిపి, మూడు దఫాలుగా పోస్తూ నెమ్మదిగా ఒక్కో చుట్టు తిప్పండి. నేను మొదటిసారి ఆత్రంగా గరిటెతో గిరగిరా తిప్పాను, పిండి పిండిగా విరిగిపోయి గడ్డ కట్టలేదు. ఒక్కో చుట్టు చాలు. మూతపెట్టి పదిహేను నిమిషాలు వదిలితే పైన తేట నీళ్లు, కింద తెల్లటి గడ్డలు. గుడ్డలో మూటగట్టి, చపాతీ పీట మీద పెట్టి, పైన రోలు రాయో నీళ్ల బిందెనో గంటసేపు ఉంచండి. మిగిలిన పిప్పిని పారేయకండి, జొన్న పిండిలో కలిపి రొట్టె కొట్టండి.

గడ్డను అర అంగుళం మందాన, చేప ముక్కంత కోసి ఫ్రీజర్‌లో రాత్రంతా ఉంచాలి. ఈ పని నేను మరిచిపోయిన రోజు వంటకు అర్థమే ఉండదు. గడ్డకట్టిన నీరు లోపల మంచు ముళ్లుగా మారి ముక్క నిండా పొరలు, సందులు చేస్తుంది. తెల్లారి బయటపెట్టి మెత్తబడ్డాక రెండు అరచేతుల మధ్య పెట్టి, ముక్క విరగకుండా పిండండి. పసుపు పచ్చటి నీళ్లు కారిపోతాయి. చేతిలో మిగిలింది బట్టలా వంగుతుంది. అంచున వేలితో చీలిస్తే పొరలుగా వస్తుంది. నా మొదటి ముక్కను అలా చీల్చి చూసి, వేలి మీద ఆ పొరను ఎంతసేపు చూస్తూ కూర్చున్నానో.

పన్నెండు ముక్కలకు పట్టించేది ఇది: కారం రెండు చెంచాలు, పసుపు అర చెంచా, ధనియాల పొడి ఒకటి, అల్లం ఎల్లిపాయ ముద్ద ఒకటిన్నర, అరచేతిలో నలిపిన వాము అర చెంచా, వేయించిన మెంతుల పొడి చిటికెడు, చిక్కటి చింతపండు గుజ్జు రెండు చెంచాలు, నూనె ఒకటి, ఉప్పు మామూలు కూరకన్నా కొంచెం ఎక్కువ. సోయాకు సొంత రుచి లేదు, అందుకే ఉప్పు గట్టిగా పడాలి. దీక్షలో ఉండి ఎల్లిపాయ తిననివాళ్లు ఇంగువ పావు చెంచా వేసుకోవచ్చు, మిరుగం ఉండలోని ఘాటు ముక్కకు పడుతుంది. రెండు వైపులా రాసి గంటసేపు పక్కన పెట్టండి. ఎండిన ముక్క స్పాంజిలా మసాలాను లోపలికి లాక్కుంటుంది. నిజం చేపకు కూడా ఇంత లోపలికి పట్టదు.

బీట్‌రూట్ రసం ఇందులో కలపకండి. పులుపు మట్టి వాసనను తగ్గిస్తుంది. చేపలను చింతపండుతోనో నిమ్మకాయతోనో ఉప్పుతోనో రుద్ది కడగడంలో మన ఆడవాళ్లకు ఎప్పటినుంచో తెలిసిన కిటుకు అదే. మనకు ఇక్కడ ఆ వాసన ఉండాలి కాబట్టి రసం పూతలోకి వెళ్తుంది. రెండు చెంచాల అవిసెల పొడిని ఆరు చెంచాల నీళ్లలో పది నిమిషాలు నాననిచ్చి, రెండు చెంచాల బీట్‌రూట్ రసం, మూడు చెంచాల బియ్యప్పిండి, చిటికెడు ఉప్పు కలిపితే జారుగా పూత తయారు. ముక్కను ముంచి, ఒక వైపు జొన్న రవ్వ, ఇంకో వైపు ఒట్టి అవిసెల పొడి అద్దండి. రవ్వ వైపు కరకరలాడుతుంది. అవిసెల వైపు నల్లబారి చేప తోలులా అతుక్కుంటుంది.

పెనం ఇనుపది కావాలి. పల్లి నూనె పలుచగా పోసి బాగా కాగనిచ్చి, మంట మధ్యస్థంగా పెట్టి, రవ్వ వైపు కిందకు ఉండేలా ముక్కలు వేయండి. వేసిన మూడు నిమిషాలు ముట్టకండి. చేయి ఊరుకోదు, తెలుసు. ముందే కదిపితే పూత పెనానికి అంటుకుని ముక్క ఒట్టిదై లేస్తుంది. అంచులు ఎర్రబడి దానంతట అది కదిలినప్పుడు తిప్పి మరో మూడు, నాలుగు నిమిషాలు. చివర్లో కరివేపాకు, చీల్చిన పచ్చిమిర్చి అదే నూనెలో వేయండి. పెనం అంచున మాడిన తునకలు ఈసారి మీవే, తప్పేమీ లేదు.

కాగజ్‌నగర్ దగ్గర ఈస్‌గాం, నజ్రూల్ నగర్ వైపు బెంగాలీ కుటుంబాలు ఉన్నాయి. శరణార్థులుగా వచ్చి ఇక్కడే స్థిరపడ్డవాళ్లు, చేప లేనిదే పూట గడవనివాళ్లు. వాళ్ల ఆవనూనె ఘాటు ఇష్టమైతే సగం పల్లి నూనె, సగం ఆవనూనె వాడి చూడండి. ఆవనూనెను పొగ వచ్చేదాకా కాచి, మంట తగ్గించాకే ముక్క వేయాలి.

ఇంత ఓపిక లేని రోజు అరటికాయ. తొక్కతోనే సగం ఉడికించి, తొక్క తీసి, ఏటవాలుగా పొడుగు ముక్కలు కోసి ఇదే మసాలా, ఇదే పూత. కంద కూడా బాగుంటుంది, చింతపండు నీళ్లలో ఉడికిస్తే దురద తగ్గుతుంది. రుచికి రెండూ మంచివే కానీ చేప ఇచ్చే మాంసకృత్తులు వీటిలో రావు. 100 గ్రాముల ఎండు సోయాలో 36 గ్రాములకు పైగా ఉంటాయి. నేను సోయా వదలకపోవడానికి అది కూడా కారణం.

ఆరోగ్యం గురించి రెండు మాటలు. చేపలో దొరికే బి12 విటమిన్ మొక్కల తిండిలో దొరకదు. పాలు కూడా మానేసినవాళ్లు డాక్టరుని అడిగి మాత్ర తీసుకోవాల్సిందే, ఇందులో పట్టుదలకు చోటు లేదు. నేను వారానికోసారి వేసుకుంటాను. అవిసెల్లోని ఒమేగా-3ని చేపలో ఉండే రకంగా మన ఒళ్లు కొంచెమే మార్చుకోగలదు. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు మాత్రకూ సోయాకూ మధ్య కొన్ని గంటల ఎడం ఉంచాలి.

తినడంలో ఒక చిక్కుంది, దాన్ని కనిపెట్టడానికి నాకు ఏడాది పట్టింది. ఈ ముక్కలో ముల్లు లేదు. చేప తినేటప్పుడు ముల్లు భయంతో వేళ్లతో తడిమి, కొంచెం కొంచెం తీసి, మనసు పళ్లెంలోనే పెట్టి తింటాం. ముల్లు లేని ముక్కను మూడు కొరుకుళ్లలో మింగేసి 'ఏదో తక్కువైంది' అనుకున్నాను. తక్కువైంది రుచి కాదు, ఆ నిదానం. ఇప్పుడు జొన్న రొట్టెతో, పచ్చి ఉల్లిగడ్డ చక్రాలు, నిమ్మ చెక్క పెట్టుకుని, ముక్కను వేళ్లతోనే పొర తర్వాత పొర చీల్చి తింటాను. కింద కూర్చునే తింటాను. బావ మాల వేసుకున్నప్పుడు వచ్చి పక్కన కూర్చుంటాడు. అదే గంట, అవే మాటలు.

ఇంట్లోవాళ్లకు పెట్టేటప్పుడు చేప అని చెప్పి పెట్టకండి. తిన్నాక చెప్పి నవ్విద్దామనే కోరిక పుడుతుంది. పెద్దవాళ్ల నోటిని మోసం చేసినట్టవుతుంది, రెండోసారి మీ పళ్లెం వైపు చూడరు. మా ఇంట్లో దీన్ని 'సోయా ముక్క' అనే అంటాం. దాని పేరుతో దాన్ని పిలిస్తే చేపతో పోలిక పెట్టి తీర్పు చెప్పాల్సిన పని ఎవరికీ ఉండదు.

పోయిన మిరుగానికి అమ్మకు ఒక పక్క అక్క పంపిన రవ్వ చేప ముక్కలు, ఇంకో పక్క నా ముక్కలు పెట్టాను. అమ్మకు 70 దాటాయి. ప్రతి మిరుగానికీ చేప తిన్న మనిషి, మానమని నేను ఎప్పుడూ అనలేదు. ముందు నాది తీసుకుంది. నల్లటి వైపు గోటితో గీరి చూసింది, వాసన చూసింది, నమిలింది.

"శాప లెక్క లేదు బిడ్డా," అంది. ఇంకాస్త నమిలి, "వాన పడ్డ వాసన వస్తుంది గని," అంది.

తర్వాత రవ్వ ముక్కా తిన్నది. లేచేటప్పుడు నా పళ్లెంలో మిగిలిన మూడు ముక్కలు చూసి, వాటిని మూత పెట్టి దాచమని, పొద్దున చింతపండు పులుసులో వేస్తానని చెప్పింది.